ఆసుపత్రిలో సంతకం పెట్టే ముందు: పేషెంట్ హక్కులు అడిగి తీసుకోవడం ఎలా?

నాన్నకు గాల్ బ్లాడర్ ఆపరేషన్ చేయాలన్నప్పటికి రాత్రి పదకొండు దాటింది. నర్సు ఫైలు తెచ్చింది. నాలుగు పేజీల్లో పెన్సిల్‌తో ఇంటూ గుర్తులు పెట్టి, "ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ పెట్టండి సార్, ఓటీ రెడీ అవుతోంది" అంది. పేజీలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. ఆపరేషన్ పేరు రాయాల్సిన గీత ఖాళీ. డాక్టర్ పేరు దగ్గర కూడా ఖాళీ. నేను పెట్టేశాను. పక్కనే బెడ్ మీద నాన్న మెలకువగానే ఉన్నారు. ఆయన్ని ఎవరూ ఒక్క మాట అడగలేదు. నేనూ అడగలేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది, నాన్న ఇప్పుడు బాగున్నారు. కానీ ఆ ఖాళీ గీత నన్ను వదల్లేదు. ఆ తర్వాత మా చుట్టాల్లో ఎవరు ఆసుపత్రిలో చేరినా తోడు వెళ్తున్నాను. మన హక్కులు ఏమిటో, వాటిని ఎలా అడగాలో అలా తెలుసుకున్నాను. 2018లో జాతీయ మానవ హక్కుల కమిషన్ పేషెంట్ల కోసం 17 హక్కులతో ఒక పత్రం తయారు చేసింది. కేంద్ర ఆరోగ్యశాఖ దాన్ని రాష్ట్రాలకు పంపింది. దానికి తోడు చట్టాలున్నాయి, సుప్రీంకోర్టు తీర్పులున్నాయి. ఇన్ని ఉన్నా, అడిగిన వాళ్లకే అందుతున్నాయి. అడగడం కూడా నోటితో కాదు, కాగితం మీద అడగాలి. కింద చెప్పేదంతా ఆ కాగితం ఎప్పుడు, ఎలా పుట్టించాలన్నదే.

1. చేరిన రోజే ఒక నోట్‌బుక్ పెట్టండి

మామూలు లాంగ్ నోట్‌బుక్ చాలు. మొదటి పేజీలో ఐపీ (ఇన్‌పేషెంట్) నంబర్, చేరిన తేదీ, టైము రాయండి. పేషెంట్‌కి పాత మందులు, పడని మందులు ఏమైనా ఉంటే అవీ రాయండి. అడగకపోయినా డాక్టర్‌కి వీటిని చెప్పడం మన బాధ్యత. రోజూ రౌండ్స్‌కి ఎవరు వచ్చారు, ఏం చెప్పారు, ఏ టెస్టు రాశారు అన్నది అక్కడికక్కడే రాసుకోండి. చూస్తున్న డాక్టర్ పేరు, చదువు తెలుసుకోవడం మీ హక్కు. "మీ పేరు చెప్తారా డాక్టర్ గారూ, రాసుకుంటాను" అని మర్యాదగా అడిగితే చాలామంది చెప్తారు. నోట్‌బుక్ చేతిలో ఉన్న వాళ్లతో మాట్లాడే తీరే మారుతుంది. నేను చాలాసార్లు చూశాను.

ఇంట్లోవాళ్లు పదిమంది పది ప్రశ్నలు వేస్తే డాక్టర్‌కీ విసుగొస్తుంది, మీకూ ఏదీ తేలదు. ఒక్కరినే మాట్లాడమనండి. ఆ ఒక్కరు అడగాల్సినవి ఎక్కువ లేవు. జబ్బు ఏమిటి, ఈ వైద్యమే ఎందుకు, వేరే దారి ఉందా, ఇంకో రెండు రోజులు ఆగితే ఏమవుతుంది, ఖర్చు ఎంత. జవాబు ఇంగ్లీషులో వస్తే "తెలుగులో చెప్పండి సార్, మా అమ్మకి చెప్పాలి" అనండి. అర్థమయ్యే భాషలో చెప్పించుకోవడం కూడా ఆ 17 హక్కుల పత్రంలో ఉన్నదే.

ఊళ్లో ఆరెంపీ చెప్పాడని నేరుగా ఒక ఆసుపత్రికే వెళ్తున్నవాళ్లకు ఒక మాట. ఆయన మీద మీకు నమ్మకం ఉండొచ్చు, రాత్రీపగలూ పిలిస్తే వచ్చేది ఆయనే. కానీ ఏ ఆసుపత్రి అన్నది మీరే నిర్ణయించుకోండి. అక్కడికే ఎందుకు వెళ్లాలో ఆయన్నీ అడగండి.

2. ప్రాణం మీదికి వస్తే

ఎమర్జెన్సీలో "ముందు అడ్వాన్స్ కట్టండి" అన్న మాటకు చోటు లేదు. 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు ఒక సంగతి తేల్చింది. ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా ముందు ప్రాణం కాపాడాలి, పోలీసు లాంఛనాలు తర్వాత. 1996లో పశ్చిమ బెంగాల్ నుంచి ఇంకో కేసు వచ్చింది. రైల్లోంచి పడి తలకు దెబ్బ తగిలిన కూలీని ఒకదాని తర్వాత ఒకటిగా ప్రభుత్వ ఆసుపత్రులు బెడ్ లేదని, సౌకర్యం లేదని తిప్పి పంపాయి. సరైన సమయంలో వైద్యం అందించకపోవడం జీవించే హక్కుకే దెబ్బ అని కోర్టు చెప్పి, రూ.25,000 పరిహారం ఇప్పించింది.

ఆ సమయంలో తీర్పుల పేర్లు చెప్పాల్సిన పని లేదు. ఇలా అనండి: "ముందు పేషెంట్‌ని చూసి, బీపీ, పల్స్ రాసి, స్టెబిలైజ్ చేయండి. డబ్బు సంగతి నేను ఇక్కడే ఉండి మాట్లాడతాను. చూడం అంటే ఆ మాటే ఓపీ చీటీ మీద రాసి సంతకం పెట్టి ఇవ్వండి." నోటితో వద్దన్నంత సులువుగా కాగితం మీద వద్దనరు. వేరేచోటికి పంపుతామంటే రిఫరల్ లెటర్ అడగండి. వచ్చేటప్పటికి పరిస్థితి ఏమిటి, ఏం ఇంజెక్షన్ ఇచ్చారు అన్నవి అందులో ఉండాలి.

ఒకటి గుర్తుంచుకోండి. ఈ హక్కు ప్రాణాపాయం తప్పించే వరకే, ఆ తర్వాతి వైద్యమంతా ఉచితమని కాదు. రోడ్డు ప్రమాదాలకు మాత్రం 2025లో కేంద్రం తెచ్చిన పథకం ఉంది. ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల దాకా, పథకంలో ఉన్న ఆసుపత్రుల్లో రూ.1.5 లక్షల వరకు నగదు లేకుండా వైద్యం చేయాలి. యాసిడ్ దాడి, అత్యాచార బాధితులకు ఏ ఆసుపత్రైనా వెంటనే ఉచితంగా వైద్యం చేసి తీరాలి. రోడ్డు మీద పడి ఉన్నవాళ్లను మీరు తీసుకెళ్తే, పేరు చెప్పమని మిమ్మల్ని బలవంతం చేయకూడదని మోటారు వాహనాల చట్టం కింది నిబంధనల్లోనే ఉంది. పోలీసులకు భయపడి ఆగిపోకండి.

3. డబ్బు మాట ముందే మాట్లాడండి

ఎస్టిమేట్ రాతపూర్వకంగా అడగండి. కేంద్ర క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ నిబంధనల ప్రకారం రేట్లు స్థానిక భాషలోనూ ఇంగ్లీషులోనూ అందరికీ కనిపించేలా పెట్టాలి. ప్యాకేజీ అంటే అందులో ఏవి వస్తాయో, ఏవి రావో రాయించుకోండి. "ఇంప్లాంట్ వేరు, ఐసీయూ వేరు, బ్లడ్ వేరు" అని తర్వాత వచ్చేవే కొంప ముంచుతాయి. గుండెకు స్టెంట్ వేస్తుంటే దాని ధరకు ప్రభుత్వం పెట్టిన గరిష్ఠ పరిమితి 2017 నుంచి అమల్లో ఉంది. బిల్లులో స్టెంట్ ధర, కంపెనీ పేరు, బ్యాచ్ నంబర్ విడిగా చూపించాలి.

తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద వెళ్తుంటే, చేరే ముందే ఆ డెస్క్ దగ్గర కార్డు చూపించండి. ముందు మామూలు క్యాష్ పేషెంట్‌గా చేర్చుకుని, రెండు రోజుల తర్వాత "ఇక ఇప్పుడు కుదరదు" అనడం చూశాను. మీ జబ్బు పథకంలో ఉందా లేదా అన్నది అక్కడే తేల్చుకోండి. పథకంలో ఉన్న వైద్యానికి పైన డబ్బు అడిగితే 104కి ఫోన్ చేయండి. ఫిర్యాదు నంబర్, టైము నోట్‌బుక్‌లో రాయండి.

4. కన్సెంట్ ఫారం

దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. మనం ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే.

కన్సెంట్ అంటే సంతకం కాదు. ఏం చేయబోతున్నారో, దానివల్ల ఏం జరగొచ్చో తెలుసుకుని పేషెంట్ సరే అనడం. సంతకం దానికి సాక్ష్యం మాత్రమే. మన హైదరాబాద్ కేసే చూడండి. 1990లో 20 ఏళ్ల ఇంజనీరింగ్ విద్యార్థికి ఛాతీలో గడ్డ ఉందని నిమ్స్‌లో ఆపరేషన్ చేశారు. అతను ఒప్పుకున్నది పరీక్ష కోసం చేసే ఎక్సిజన్ బయాప్సీకి. లోపల గడ్డ మొత్తం తీసేశారు. వెన్నుపాము దగ్గర పని ఉండే అవకాశం ఉన్నా న్యూరోసర్జన్‌ని పక్కన పెట్టుకోలేదు. ఆపరేషన్ తర్వాత అతని కాళ్లు పడిపోయాయి. ఆపరేషన్ జరిగిన పందొమ్మిదేళ్లకు గానీ కేసు తేలలేదు, చక్రాల కుర్చీలోనే కోర్టుకు వచ్చి అతను స్వయంగా వాదించుకున్నాడు. బయాప్సీకి ఇచ్చిన ఒప్పుకోలు పెద్ద ఆపరేషన్‌కు ఒప్పుకున్నట్టు కాదని 2009లో సుప్రీంకోర్టు చెప్పి, కోటి రూపాయల పరిహారం ఇప్పించింది.

ఇంకొకటి ఢిల్లీ కేసు, 2008 తీర్పు. కెమెరాతో లోపల చూసే పరీక్షకు ఒప్పుకున్న 44 ఏళ్ల మహిళకు, మత్తులో ఉండగానే గర్భసంచి, అండాశయాలు తీసేశారు. బయట కూర్చున్న తల్లి చేత సంతకం పెట్టించారు. పేషెంట్ మైనర్ కాదు, తెలివిలోకి వచ్చాక తనే నిర్ణయించుకోగలదు, ప్రాణాపాయమూ లేదు. కాబట్టి తల్లి సంతకం చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది.

ఆ తీర్పు చదివినప్పుడు నాకు నాన్న బెడ్ గుర్తొచ్చింది. మన ఇళ్లలో అమ్మకు ఆపరేషన్ అయితే డాక్టర్ నాన్నతో మాట్లాడతాడు, నాన్నకైతే కొడుకుతో. "ఆవిడకి చెప్పకండి, టెన్షన్ పడుతుంది" అని మనమే అంటాం. ప్రేమతోనే అంటాం. కానీ ఆ శరీరం ఆవిడది. స్పృహలో ఉండి, 18 ఏళ్లు నిండిన మనిషి తరఫున మనం సంతకం పెట్టడానికి ముందు, ఆ మనిషికి తెలియాలి. గర్భసంచి తీసేయమని చెప్పినప్పుడైతే మరీ. మన పల్లెల్లో ముప్ఫై ఐదేళ్లకే గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు ఎంతమంది ఉన్నారో మీ చుట్టూ చూసినా తెలుస్తుంది. వాళ్లలో ఎంతమందికి వేరే దారి ఉందని చెప్పి ఉంటారు?

అందుకని ఫారం చేతికి వచ్చాక ఇలా చేయండి. ఖాళీ గీతలు ఉంటే సంతకం పెట్టకండి. "ఆపరేషన్ పేరు, డాక్టర్ పేరు నింపి తెండి" అనండి. తెలుగు ఫారం అడగండి. లేకపోతే డ్యూటీ డాక్టర్‌ని పిలిచి, పేషెంట్ ముందే, తెలుగులో చదివించుకోండి. నర్సు మీద కోపం వద్దు, ఆమె చేతికి ఫైలు ఇచ్చి పంపారు అంతే. లోపల ఇంకేదైనా కనిపిస్తే తీసేయవచ్చా, లేక ఆపి అడగాలా అన్నది ముందే మాట్లాడి రాయించండి. సంతకం పక్కన తేదీ, టైము మీ చేత్తో రాయండి. తర్వాత ఫోన్‌తో ప్రతి పేజీ ఫొటో తీసుకోండి.

నిజమైన ఎమర్జెన్సీలో ఇంత టైము ఉండదు. ప్రాణం పోయేలా ఉంటే ఒప్పుకోలు కోసం ఆగకుండా డాక్టర్ చేయవచ్చు. కానీ రేపు ఉదయం చేసే ఆపరేషన్‌కి రాత్రి పదకొండింటికి హడావుడి అక్కర్లేదు.

ఆడవాళ్లను మగ డాక్టర్ పరీక్ష చేసేటప్పుడు ఇంకో ఆడమనిషి పక్కన ఉండాలని అడగొచ్చు. హెచ్ఐవీ పరీక్షకు విడిగా ఒప్పుకోలు తీసుకోవాలని 2017 చట్టం చెబుతోంది. రిజల్ట్ వార్డులో అందరి ముందూ చెప్పకూడదు.

5. మందులు, టెస్టులు

ఆసుపత్రి ఫార్మసీలోనే కొనాలన్న నిర్బంధం లేదు. ఏ షాపులో కొనాలో, ఏ ల్యాబ్‌లో టెస్టు చేయించుకోవాలో మీ ఇష్టమని ఆ 17 హక్కుల పత్రం చెబుతోంది. వార్డులో ఉన్నప్పుడు పరుగెత్తి తేవడం కష్టమే. అయినా ఖరీదైన యాంటీబయాటిక్ రోజుల తరబడి రాసినప్పుడు చీటీ అడిగి బయట ధర కనుక్కోండి. డాక్టర్లు మందు అసలు పేరు, అంటే జనరిక్ పేరు, చదవడానికి వీలుగా రాయాలి.

ఇంకో సంగతి, చాలామంది పట్టించుకోరు. మా పిన్ని ఐసీయూలో ఉన్నప్పుడు మందులన్నీ పైకి నేరుగా వెళ్లేవి, మాకు చీటీ మాత్రం వచ్చేది. మూడో రోజు నోట్‌బుక్‌లో చీటీలన్నీ కలిపి చూస్తే, ఒకే ఇంజెక్షన్ రోజుకు మూడు ఇస్తున్నామని చెప్పారు, తెప్పించింది మాత్రం ఐదు. కింద ఫార్మసీలో గొడవ పడలేదు. సిస్టర్‌ని "మిగిలినవి ఎక్కడున్నాయమ్మా, రిటర్న్ రాయండి" అని అడిగాం. ట్రేలోంచి సీల్ తీయని ఆరు వయల్స్ తీసింది. రిటర్న్ చీటీ రాశారు, బిల్లులో ఆ మొత్తం తగ్గింది. రోజూ సాయంత్రం ఇలా ఒకసారి సరిచూసుకోండి.

6. ఇంకో డాక్టర్ మాట వినాలనుకుంటే

సెకండ్ ఒపీనియన్ అడగడం డాక్టర్‌ని అవమానించడం కాదు. రిపోర్టులు, స్కాన్ సీడీ ఇవ్వమని అడగండి, ఇవ్వాలి. పేషెంట్‌ని వేరేచోటికి మార్చాలనుకుంటే "లామా" అని, అంటే వైద్యుల సలహాకు విరుద్ధంగా వెళ్తున్నామని సంతకం పెట్టమంటారు. దాని అర్థం ఆ తర్వాత జరిగేదానికి బాధ్యత మీదేనని. పెట్టే ముందు, దారిలో పేషెంట్‌కి ఆక్సిజన్ కావాలా, ఏ అంబులెన్స్ కావాలి అన్నది డాక్టర్‌ని అడిగి రాసుకోండి. లామా పెట్టినా సమ్మరీ, రిపోర్టులు ఇవ్వాల్సిందే.

7. డిశ్చార్జ్, బిల్లు

మొత్తం అంకె ఒక్కటే ఉన్న బిల్లు తీసుకోకండి. ఐటమ్ వారీగా బిల్లు అడగండి. దాన్ని నోట్‌బుక్‌తో పోల్చండి. డాక్టర్ రాని రోజు విజిట్ ఛార్జీ పడిందా, రూమ్ మారిన రోజు రెండు రూములకూ వేశారా చూడండి. తేడా ఉంటే బిల్లు మీదే గుర్తు పెట్టి, బిల్లింగ్ ఇన్‌ఛార్జ్ దగ్గర కూర్చుని అడగండి.

ఇన్సూరెన్స్ ఉంటే, బీమా కంపెనీ డిశ్చార్జ్ అనుమతి మూడు గంటల్లో ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో ఆదేశించింది. అంతకు మించి ఆలస్యమైతే ఆసుపత్రి వేసే అదనపు ఛార్జీ బీమా కంపెనీయే భరించాలి. పేపర్లు ఎన్నింటికి పంపారో డెస్క్‌లో అడిగి రాసుకోండి.

బిల్లు గొడవ తేలలేదని పేషెంట్‌ని ఆపకూడదు. చనిపోయిన మనిషి శవాన్ని ఆపకూడదు. బాకీ ఉంటే వసూలు చేసుకోవడానికి ఆసుపత్రికి కోర్టులున్నాయి. ఆపితే 112కి ఫోన్ చేయండి, జిల్లా వైద్య ఆరోగ్య అధికారికి చెప్పండి. ఎంత బాధలో ఉన్నా అద్దాలు పగలగొట్టడం, డాక్టర్ మీద చేయి చేసుకోవడం వద్దు. 2008 నుంచి మన రెండు రాష్ట్రాల్లో దానికి మూడేళ్ల వరకు జైలు శిక్ష ఉంది. అప్పటిదాకా మీ వైపు ఉన్న న్యాయం కూడా ఆ ఒక్క క్షణంలో పోతుంది.

8. రికార్డులు తీసుకోండి

డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటే రికార్డు కాదు. అసలు కథంతా కేస్ షీట్‌లో ఉంటుంది. మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డులు మూడేళ్లు దాచాలి, అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. జిరాక్స్ ఖర్చు మీది. దరఖాస్తు ఇలా రాయండి:

"మెడికల్ సూపరింటెండెంట్ గారికి. ఐపీ నంబర్ ____తో ____ తేదీ నుంచి ____ తేదీ వరకు మీ ఆసుపత్రిలో వైద్యం పొందిన ____ గారికి నేను ____ అవుతాను. కేస్ షీట్, నర్సుల చార్టు, ఆపరేషన్ నోట్స్, అనస్థీషియా నోట్స్, కన్సెంట్ ఫారాలు, అన్ని టెస్టుల రిపోర్టుల కాపీలు ఇవ్వగలరు. 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నిబంధన 1.3.2 ప్రకారం వీటిని 72 గంటల్లో ఇవ్వాలి. ఈ దరఖాస్తు అందినట్టు నా కాపీ మీద సంతకం, స్టాంపు వేయగలరు."

కింద పేషెంట్ సంతకం ఉంటే ఇంకా మంచిది. తీసుకోకపోతే స్పీడ్ పోస్ట్‌లో పంపి రసీదు దాచండి. ప్రభుత్వ ఆసుపత్రైతే సమాచార హక్కు చట్టం కింద కూడా అడగొచ్చు.

నాన్న రికార్డులు నేను కొన్ని నెలల తర్వాత ఇలాగే తెచ్చుకున్నాను. ఆ రాత్రి ఖాళీగా ఉన్న గీత మీద ఇప్పుడు ఆపరేషన్ పేరుంది. చేతిరాత మాత్రం ఆ పేజీలో ఇంకెక్కడా లేనిది. నా సంతకం దాని కిందే ఉంది.

9. అన్యాయం జరిగిందనిపిస్తే

ముందు మెడికల్ సూపరింటెండెంట్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. చాలా బిల్లు గొడవలు ఇక్కడే తేలిపోతాయి. ఆసుపత్రి రిజిస్ట్రేషన్, రేట్లు, సౌకర్యాల మీద అయితే జిల్లా వైద్య ఆరోగ్య అధికారికి. డాక్టర్ ప్రవర్తన, నిర్లక్ష్యం మీద అయితే మీ రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కి. కౌన్సిల్ డాక్టర్ లైసెన్స్ మీద చర్య తీసుకోగలదు, మీకు పరిహారం ఇప్పించదు.

పరిహారం కావాలంటే వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాలి. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అందరికీ పూర్తిగా ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రులు మాత్రం దీని కిందికి రావు. అక్కడ నిర్లక్ష్యం జరిగితే మామూలు సివిల్ కోర్టు, రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ ఉన్నాయి. వినియోగదారుల కేసు మీరు ఉంటున్న జిల్లాలోనే వేయొచ్చు, ఆసుపత్రి ఉన్న ఊరికి తిరగక్కర్లేదు. ఆసుపత్రికి మీరు కట్టింది రూ.50 లక్షల లోపైతే జిల్లా కమిషన్ చాలు. రూ.5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు. ఎలా వేయాలో తెలియకపోతే 1915కి ఫోన్ చేయండి, తెలుగులో చెప్తారు.

వేసే ముందు ఒక పని చేయండి. మీ రికార్డుల కాపీలు ఆ ఆసుపత్రితో సంబంధం లేని, అదే విభాగం డాక్టర్‌కి చూపించండి. ఫలితం బాగా రానంత మాత్రాన అది నిర్లక్ష్యం కాదు. జాగ్రత్తగా చేసినా కొన్ని ప్రాణాలు దక్కవు. ఆ డాక్టర్ "ఇక్కడ ఈ పరీక్ష చేయాల్సింది, చేయలేదు" అని వేలు పెట్టి చూపించగలిగితే మీ దగ్గర కేసు ఉన్నట్టే. ఆ మాట రాసి ఇస్తారేమో అడగండి. చాలామంది ఇవ్వడానికి వెనకాడతారు. ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదని 2010లో సుప్రీంకోర్టు ఇంకో హైదరాబాద్ కేసులో చెప్పింది. మలేరియా వచ్చిన పేషెంట్‌కి టైఫాయిడ్ వైద్యం చేసిన కేసు అది.

గడువు రెండేళ్లు. మామూలుగా ఘటన జరిగిన రోజు నుంచి లెక్క. అంతకంటే ఆలస్యమైతే కారణం చూపించి ఒప్పించాలి. దుఃఖంలో ఏడాది ఇట్టే గడిచిపోతుంది, కాబట్టి కేసు వేస్తారో లేదో తేలకపోయినా రికార్డుల దరఖాస్తు మాత్రం మొదటి నెలలోనే పెట్టేయండి.